రసం మిగిలిన కారు

స్పీడోమీటరు ముల్లు ఎనభై దగ్గర ఆగిపోయింది. యాక్సిలరేటరును అడుగంటా తొక్కి ఉంచాను. ఇంకొంచెం తొక్కితే పాదం కింద తారురోడ్డే తగులుతుంది. మద్రాసు అవతల, రేసుల కోసమే కట్టిన ట్రాక్ అది. ఎదురుగా గేదె లేదు, చెరకు ట్రాక్టరు లేదు, స్పీడు బ్రేకరు లేదు. అయినా ముల్లు కదలదు. కుడిపక్క నుంచి ఒక ఎర్రకారు జుయ్యిమని వెళ్లిపోయింది. వెంటనే ఇంకో రెండు. ఆ తర్వాత మా బావమరిది నూకరాజు, పెళ్లి ఊరేగింపులో లారీని దాటినట్టు హారన్ మోగించుకుంటూ నన్ను దాటేశాడు.

ఒడ్డున నిలబడ్డ మనిషొకడు నీలంజెండా ఊపుతున్నాడు. ఎన్నికల వార్తలు రాసిన చెయ్యి కదా, జెండా కనిపించగానే నేనూ హుషారుగా చెయ్యి ఊపాను. "వెనక జోరుగా వచ్చేవాళ్లున్నారు, తప్పుకో నాయనా" అని ఆ జెండాకి అర్థమట. పొద్దున్నే అందరినీ కూర్చోబెట్టి చెప్పారట. ఆ సమయంలో నేను పక్కనున్న కుర్రాడికి పాతకారు ఎంచుకోవడమెలాగో బోధిస్తున్నాను.

ఆ ఎంపిక గురించే మీకు చెప్పబోతున్నాను. భయపడకండి, ఇందులో ఎవరి కాలూ చెయ్యీ విరగలేదు. విరిగింది నా పరువొక్కటే. దానికి పుత్తూరు కట్టు కూడా పనిచెయ్యదు.

చోడవరంలో ముప్పై ఏళ్లుగా విలేకరిని. ఏ విషయమైనా రెండురోజులు చదివి, మూడోరోజు దాని మీద ఊరందరికీ సలహాలివ్వడం మా వృత్తిలో వచ్చే జబ్బు. కొందరికి బీపీ వస్తుంది, నాకిది వచ్చింది. నాలుగేళ్ల కిందట అది కార్ల మీదికి తిరిగింది. విశాఖలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసే నూకరాజు, కార్లపిచ్చి ఉన్నవాళ్లు కొందరు జట్టుకట్టి ఏడాదికోసారి ఆ ట్రాక్‌కి వెళ్తారని చెప్పాడు. పందెం కాదు, బహుమతీ లేదు. సొంతకారు, హెల్మెట్, లైసెన్సు ఉంటే ఎవరైనా ఒకపూట తనివితీరా తోలుకోవచ్చు.

"అయితే నేనూ వస్తాను" అన్నాను.

"నీకు కారేదీ బావా?"

"కొంటాను. పాతది."

"అలాగైతే సిన్న బండి సూడు. తేలిగ్గుండాల. బ్రేకులు బాగుండాల, టైర్లు బాగుండాల, ఇంజను ఊరికే ఏడెక్కకూడదు. మిగతా సోకులు మనకొద్దు."

ఎంత చక్కటి సలహా! అందుకే నాకు నచ్చలేదు. బావమరిది చెబితే బావ వినడమేమిటి?

కుట్టుమిషను మీద జాకెట్టు కుడుతున్న నా భార్య గౌరి తలెత్తింది. మా వీధిలో టైలరింగు షాపు ఆవిడదే. "కారొస్తే నేనూ నేర్సుకుంటానండీ. అనకాపల్లెల్లి గుడ్డలు తెచ్చుకోడానికి బస్సుల్లో మూటలు మొయ్యలేక సస్తన్నాను."

"రేసుకారు నీకెందుకే?"

గౌరి మిషను ఆపింది. ఆవిడ మిషను ఆపితే ఇంట్లో గోడగడియారం కూడా జాగ్రత్తపడుతుంది. "సరే. ఆ ట్రాక్ మీద మా తమ్ముణ్ణి ఒక్కసారి దాటండి. దాటేరా, ఆ తాళం నేను ముట్టుకోను. దాటలేదా, తాళం నాది. నేను తోల్తాను, మీరు మూటలు ఒళ్లో పెట్టుకుని పక్కసీట్లో కూకోవాల."

"ఒప్పుకున్నాను" అన్నాను. చోడవరం మెయిన్ రోడ్డు మీద, ఊరంతా చూస్తుండగా, ఒళ్లో గుడ్డలమూటతో నేను! అలాంటిది జరిగే అవకాశమే లేదని నవ్వుకున్నాను కూడా.

మొదటి బండి బుచ్చయ్యపేటలో చూశాం. చిన్నది, తేలికది. దాని కుర్ర యజమాని స్టార్టు చేస్తే పక్క ఊళ్లో కోళ్లు ఎగిరిపడ్డాయి. నూకరాజు కిందికి దూరి, వెల్లకిలా పడుకుని అంతా చూసి, మట్టి దులుపుకుంటూ లేచాడు. "బావా, ఇదే. కళ్లు మూసుకుని తీసేసుకో."

నేను అతన్ని పక్కకి తీసుకెళ్లాను. "ఒరే, గానుగాడేసిన చెరకు ఎవడైనా కొంటాడా? ఈ కుర్రాడు దీని రసమంతా పిండేశాడు. మిగిలింది పిప్పి. మనకి రసం మిగిలిన బండి కావాలి."

"బావా, కారు సెరుకేటి?"

"అన్నీ చెరకేరా, ఆలోచిస్తే" అన్నాను. సంపాదకీయం రాసేవాడి గొంతు అరువు తెచ్చుకుని మరీ అన్నాను.

నూకరాజు నన్ను ఒకసారి చూసి, ఆ బండిని తనే బేరమాడి కొనుక్కున్నాడు. పాపం, పిప్పి కొనుక్కున్నాడని జాలిపడ్డాను.

నా రసం చీడికాడలో దొరికింది. తెల్లటి పొడుగు కారు, వెనక డిక్కీ. డ్రైవరు అప్పలనాయుడు దాన్ని టాక్సీగా తిప్పి, అమ్మేముందు పసుపు ప్లేటు తీయించి తెల్ల ప్లేటు వేయించాడు.

"ఎలా తోలేవాడివి?" అని అడిగాను.

"పంతుళ్లని తిప్పేను బాబూ. సోడవరంలో ఎక్కించుకోడం, బడికాడ దింపీడం. గుడికెల్లినట్టు ఎల్లేను."

"వేగం?"

"ఎనభై దాటలేదు."

"ఒక్కసారి కూడా?"

"అమ్మతల్లి తోడు బాబూ. నాకాడికొచ్చిన్నాటి నుంచీ ఎనభై దాటలేదు. అసలీ బండికి..."

"చాలు, చాలు" అన్నాను. కళ్లు చెమ్మగిల్లాయి. పాతకారు అమ్మే ప్రతివాడూ ఆ మాటే అంటాడు. కానీ ఇన్నేళ్లుగా అబద్ధాలు విని రాసుకున్న చెవులు నావి, నిజం వినబడితే గుర్తుపట్టలేనా? గుర్తుపట్టాను. అప్పలనాయుడు చెప్పింది అక్షరాలా నిజం. నా పీకల మీదికి తెచ్చింది కూడా ఆ నిజమే.

మర్నాడు గౌరిని ఎక్కించుకుని జంక్షన్లో ఆగితే, ఇద్దరు పంతుళ్లు వెనక తలుపు తీసుకుని కూర్చుని, టిఫిన్ డబ్బాలు సర్దుకుని, "ఇంక కదలండి, ప్రేయరుకి టైమైపోతంది" అన్నారు.

"ఎవరండీ ఈళ్లు?" అంది గౌరి.

నాకూ తెలియదు. తీసుకెళ్లి చీడికాడ బడి దగ్గర దింపి వచ్చాను. కారు తనంతట తనే వెళ్లినట్టు వెళ్లింది.

"మరి అప్పుడైనా వేగంగా తోలి చూసుకోలేదా?" అని మీరడగొచ్చు. మా రోడ్ల మీద ఎనభై ఎక్కడండీ! నలభై దాటితే గొయ్యో, గొర్రెలో. ఇక మద్రాసు హైవే మీద పక్కన గౌరి ఉంది. పందేనికి సాక్షిగా వస్తానని బయల్దేరింది. "డెబ్బై దాటితే దిగిపోతాను" అంది, హైవే మధ్యలో ఎలా దిగుతుందో చెప్పకుండా. పోనీలే, రసమంతా ట్రాక్ కోసం దాచుకుందాం అనుకున్నాను.

అలా దాచుకున్న రసంతో ఆ పూటంతా తిరిగాను. నూకరాజు నన్ను ఎన్నిసార్లు దాటాడో లెక్కపెట్టడం మానేశాను. చివరికి బండి పక్కన పెట్టి దిగేసరికి అతను హెల్మెట్ తీసి నవ్వుతున్నాడు.

"రసం బాగా దాసేవు బావా. ఒక్క సుక్క బయటకి రానిస్తే ఒట్టు."

నేను అప్పలనాయుడికి ఫోను చేశాను. "నీ బండి ఎనభై దాటడం లేదయ్యా!"

"దాటదు బాబూ. సెప్పేను కదా."

"ఎందుకు దాటదు?"

"టాక్సీ బండి కదా. ఎనభై దాటకుండా లోపల మిషనెడతారు. రూలు."

"ఆ సంగతి ముందే చెప్పొద్దూ?"

"సెప్పబోతే మీరే సాలు సాలన్నారు. కళ్లు కూడా తుడుసుకుంటన్నారు. ఇంటికాడ ఏటో కష్టమొచ్చిందనుకుని నేనింక కదపలేదు బాబూ."

ఫోను పెట్టేసి తిరిగేసరికి గౌరి ఎదురుగా నిలబడి ఉంది. అరచెయ్యి చాపింది. తాళం అందులో పెట్టాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో ఓడి, ఆ ఓటమిని ఎనిమిది వందల కిలోమీటర్లు ఇంటిదాకా మోసుకొచ్చాను. ఇప్పుడు అనకాపల్లి వెళ్లేటప్పుడు గౌరి తోలుతుంది, నేను పక్కసీట్లో మూటతో కూర్చుంటాను. పంతుళ్లు ఇప్పటికీ చెయ్యెత్తుతారు. ఆవిడ ఆపుతుంది కూడా.

కనుక అమ్మతల్లి తోడుగా చెబుతున్నాను: నిజం చెప్పే మనిషి దగ్గర ఈ జన్మలో మళ్లీ కారు కొనను. కొంటే నోరారా అబద్ధాలాడేవాడి దగ్గరే కొంటాను. వాడి మాట ఎటూ నమ్మను కాబట్టి బండినైనా సరిగ్గా చూసుకుంటాను.

ఆ మిషను తీసేస్తానని మా మెకానిక్కు చాలాసార్లు అన్నాడు. "నాకు ఎనభై సాలు" అంటుంది గౌరి. అందుకని అది ఇంకా లోపలే ఉంది. ఎనభై తర్వాత ఆ బండిలో రసముందో లేదో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.