మా అత్తమ్మ తల్లి పేరు

మా ఇంట్లో అందరి లెక్కా ఒకటే: నాయనమ్మ ఒక్కతే, ఆమెకు ముగ్గురు పిల్లలు. పెదనాన్న, మా నాన్న, మేనత్త. ఆ ముగ్గురిలో ఇప్పుడున్నది ఎనభై దాటిన అత్తమ్మే. నాచారంలో మా వెనక గల్లీలో ఉంటుంది. ఏటా పెత్తరమాసకు, పోయినవాళ్ళ పేరు చెప్పి అయ్యగారికి బియ్యం ఇచ్చే రోజు దగ్గరికొచ్చేసరికి, ఆమె ఒకటే మాట.

"అందరికీ బియ్యం ముడుతున్నయి బిడ్డా. మా అమ్మకే ముడుతలేవు. మా అమ్మ వేరే."

ముసలామెకు మతి తప్పిందన్నారు. నేను అనలేదు. జాలిపడి కాదు. నలుగురూ ఒకే మాట ఒకేలా చెబితే నాకు నమ్మబుద్ధి కాదు, అంతే.

మా వైపు ఒక పద్ధతి ఉండేది. మొదటి భార్య పోయాక వచ్చినామె మెడలో పోయినామె పేరిట ఇంకో పుస్తె కట్టేవారు. కొన్ని ఇళ్ళల్లో పేరు కూడా ఆమెదే పెట్టి పిలిచేవారు, పోయినామె అలగకుండా. అలా ఇద్దరు ఆడవాళ్ళు ఒక్క పేరులో కలిసిపోయారని అత్తమ్మ వాదన. అత్తమ్మకు నాలుగేళ్ళప్పుడే తల్లి పోయింది. అసలు పేరు ఆమెకూ తెలియదు. పేరు తెలియకపోతే బియ్యం ఎవరికని ఇవ్వాలి?

తాత వీలునామాను ఆ రోజుల్లోనే కోర్టులో రుజువు చేయించారు. దాని తెలుగు కాపీ ఉప్పల్‌లో పెదనాన్న కొడుకు బీరువాలో ఉంది. చూపించమని ఫోన్ చేశాను.

"అండ్ల నాయనమ్మ ఒక్కతే ఉంది సెల్లే. నేను సదివిన గదా."

"నేను గూడ సదువుకున్నదాన్నే అన్నా. సూపియ్."

"నీకు సూపిస్తే లొల్లి. వద్దు."

దాచాడంటే ఏదో ఉందన్నమాట. ఉప్పల్ పాత ఇల్లు అతని చేతిలో ఉంది. నా అనుమానమంతా అక్కడే గూడు కట్టుకుంది.

కాపీ ఇవ్వకపోతే అసలుదే తీయిద్దామని కోర్టు రికార్డు రూముకు వెళ్ళాను. గుమస్తా తలెత్తకుండానే, "భూమి కేసా అమ్మా?" అన్నాడు. "కాదు, నాయనమ్మ కేసు" అన్నాను. అప్పుడు తలెత్తాడు. నాలుగుసార్లు తిప్పించుకుని నకలు చేతిలో పెట్టారు. అంతా ఉర్దూ, అప్పటి కోర్టు భాష. మా నాన్న ఉంటే ఆయనే చదివేవాడు, ఉర్దూ మీడియం మనిషి. అంబర్‌పేట్‌లో ఒక రిటైర్డ్ పంతులుతో చదివించాను. ఆయన మీదా నమ్మకం చాలక, ఆయనేం చెప్పాడో చెప్పకుండా రామంతపూర్‌లో ఇంకొకాయనతో చదివించాను. ఇద్దరూ ఒకటే చెప్పారు.

తాత స్పష్టంగా రాయించాడు. తనకు ఇద్దరు భార్యలు, ఒకరి తరువాత ఒకరు. రెండో ఆమెను ఇంట్లో మొదటామె పేరుతో పిలుస్తారు. ఆమె అసలు పేరు ఫలానా. బిడ్డ ఆమెకే పుట్టింది. రేపు ఆ బిడ్డను ఎవరూ కాదనకూడదని ఇది రాయిస్తున్నాడు.

ఆ కాగితం పట్టుకుని నేరుగా ఉప్పల్ వెళ్ళాను. గుమ్మంలోనే అడిగాను.

"అన్నా, రెండో నాయనమ్మను ఏడ దాసినవ్?"

అతను బీరువా తెరిచి, తెలుగు కాపీ నా ముందు పరిచాడు. తాత చెప్పినవన్నీ ఉన్నాయి, ఆ నాలుగు ముక్కలు తప్ప. 'నా భార్య కాలం చేసినది' అని ఉంది, అంతే. చేతిరాత మా నాన్నది. నా స్కూలు ఫారాలన్నీ నింపిన చేతిరాత.

"మా చిన్నాయన రాసిండు. నేను ఉన్నదే సదివిన. ఇప్పుడు అను, ఎవలనంటవో!"

తిరుగు ఆటోలో నాన్న తరఫున నేనే వాదించుకున్నాను. తొందరలో ఒక ముక్క వదిలేశాడేమో. సవతి తల్లి బిడ్డ అనే మాట చెల్లెలికి ఉండకూడదనుకున్నాడేమో. నాకే నచ్చలేదు. ఆమె పోయేనాటికి ఆయనకు పన్నెండు దాటాయి. ఆమె పెట్టిన అన్నం తిన్నవాడే. ఒక్క ముక్క పోతే పొరపాటు అనొచ్చు. ఆమె గురించిన ముక్కలే ఏరి తీస్తే ఏమనాలి?

అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. పేరు చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మూడోసారి తనే అంది. తరువాత అడిగింది.

"మీ నాయినకు ఎర్కనా?"

"ఎర్కే అత్తమ్మా. తెలుగుల రాసింది ఆయనే. రాయకుండ ఇడిసిపెట్టిండు."

"గట్లనా."

"ఏమనుకోని ఇడిసిండో..." అని మొదలుపెట్టాను.

"నీ వకీలు పని బంజెయ్" అంది. ఇంకో నాలుగు కాయలు తుంచింది. "ఈ పెత్తరమాసకు మీ నాయిన బియ్యం నువ్వు ఇచ్చుకో. ఇన్నేండ్లు నేను గూడ ఆయన పేరు చెప్పి ఇచ్చిన. ఇగ ఇయ్య. మా అమ్మ బియ్యం నేనిస్తా."

అయ్యగారు తప్పు పలకకుండా పేరు పెద్ద అక్షరాలతో రాసిమ్మంది. రాశాను. ఆమెకు చదువు రాదు. కాగితం తీసుకుని, ఎటు పైకి ఉండాలో నన్నే అడిగింది.