చెంగమ్మక్క చదవమన్న పుస్తకాలు

కోలారు బంగారు గనులు మూతబడి చాలా ఏళ్లయిన తర్వాత, ఒక జూన్ నెలలో, నన్ను గౌనిపల్లి నుంచి ఆండర్సన్‌పేట శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. అక్కడ లైబ్రేరియన్‌గా చేరానని ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుంటూ ఉంటాను. ఆర్డరులో ఉన్నది మాత్రం గ్రంథాలయ సహాయకుడు అని. ఆ కట్టడంలో నాకు పైవాడూ లేడు, కిందివాడూ లేడు. అందువల్ల ఏ హోదా చెప్పుకున్నా కాదనేవాడు లేకపోయాడు. పుస్తకాలు వేలకు వేలు ఉండేవి. వేలే కానీ, వాటిలో చాలాభాగం పాత గెజెట్లు, రెండో భాగం పోగొట్టుకున్న మొదటి భాగాలు.

ఈ వృత్తి తెలియనివారికి ఒక సంగతి చెప్పాలి. గ్రంథాలయంలో పుస్తకం బతికి ఉందా లేదా అన్నది దాని చివరి అట్టకు అతికించిన కాగితం తేలుస్తుంది. దాన్ని తేదీ చీటీ అంటాం. పుస్తకం ఇంటికి పోయినప్పుడల్లా తిరిగి ఇవ్వవలసిన తేదీని దాని మీద రబ్బరు ముద్రతో కొడతాం. హాలులో కూర్చుని ఎంత చదివినా ముద్ర పడదు. ముద్రల్లేని పుస్తకాలను తనిఖీ అధికారి పక్కకు తీయించి కోలారులోని గోదాముకు పంపిస్తాడు. అక్కడికి వెళ్లి తిరిగొచ్చిన పుస్తకాన్ని నా సర్వీసులో నేను చూడలేదు.

చెంగమ్మ అప్పట్లో ఆ ఊరి రాజకీయాల్లో ముఖ్యమైన మనిషి. మనుషులను గనిలోకి దించే ఇంజను నడిపినాయన కూతురు. పక్కనే ఉన్న ఊరిగాంలోని గని కంపెనీ ఇళ్లు వాటిలో ఉంటున్నవాళ్లకే దక్కాలని జెండా పట్టుకుని తిరిగేది. పార్టీవాళ్ల ఉపన్యాసాలు జిందాబాద్‌తో ముగుస్తాయి కదా, ఈమె ఉపన్యాసం మాత్రం ఒక పుస్తకం పేరుతో ముగిసేది. చదివి రండి, మళ్లీ మాట్లాడుకుందాం అనేది. కథల పుస్తకాలు మాత్రం ముట్టదు. ఎందుకని అడిగితే, "కథలు మా ఇంట్లోనే కావలసినన్ని ఉండాయప్పా" అంది.

తను చెప్పే పుస్తకాలను కొనమని శాఖకు ఎన్నో అర్జీలు పెట్టుకుంది. నేను చేరిన కొన్నాళ్లకే అవి ఒక ట్రంకుపెట్టెలో వచ్చాయి. రాతి దుమ్ము గని కార్మికుల ఊపిరితిత్తుల్లో ఎలా పేరుకుంటుందో చెప్పే పుస్తకం ఒకటి. నీలగిరి తోపులూ బోరుబావులూ కలిసి నేలలో నీళ్లను ఎలా తాగేశాయో ఇంకొకటి. ఇళ్ల హక్కుల చట్టం, ఆడకూలీల కూలి చరిత్ర, ఇలాంటివే మిగతావీ. వాటిని తలుపు పక్కనున్న అద్దాల బీరువాలో పెట్టి, పైన "చెంగమ్మక్క చదవమన్న పుస్తకాలు" అని బోర్డు రాయించాను. పత్రికలవాళ్లు వచ్చి ఫోటో తీశారని ఇక్కడ రాయాలని నాకు ఎంతో ఉంది. వచ్చింది పొద్దున్నే పేపరు వేసే మనిషి. ఫోటో తీసింది నేను.

వానలు వెళ్లి చలి వచ్చింది. ఆ బీరువాలోని ఒక్క పుస్తకానికీ ముద్ర పడలేదు.

దీనికి అందరికన్నా సంతోషించిన మనిషి గోవిందరాజులు. గనిలో టింబర్‌మ్యాన్‌గా చేసి విరమించినవాడు. అంటే సొరంగం పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనివాడు. చెంగమ్మ పార్టీకి పడని యూనియన్‌కు పెద్ద. గని పోయినా యూనియన్లు పోలేదు, వాటి మధ్య పంతాలూ పోలేదు. రోజూ పొద్దున వచ్చి, తెలుగు పేపరు తీసుకుని, కిటికీ పక్క కుర్చీలో మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు. వెళ్లేటప్పుడు బీరువా వైపు చూసి నాతో, "ఏం గౌనిపల్లి సారూ, చెంగమ్మ బీరువాలో సాలీడు మెంబరై చేరిందంట, నిజమేనా?" అనేవాడు. నేను నవ్వేవాణ్ని. ఆమె ఉన్నప్పుడు మాత్రం నవ్వేవాణ్ని కాదు.

తనిఖీ ఉందని కబురొచ్చిన రోజు చెంగమ్మ నా బల్ల ముందుకొచ్చి కూర్చుంది. పుస్తకాలు పోతాయని ఆమె దిగులు కాదు. "ఆ బీరువా ఖాళీ చేసినారంటే, ఈ ఊరోళ్లు చదవరని పైన అనేసుకుంటారప్పా. ఆ మీదట మనం ఏం అడిగేదానికీ నోరుండదు. ఇంటికొకడు దగ్గుతా ఉండాడు. ఆ దగ్గు యాడినుంచి వచ్చిందో వాళ్లకు చెప్పే పుస్తకం గోదాములో ఎలకలకి పోతుంది" అంది.

నాలుగు తేదీలు నేనే కొట్టేస్తాను, ఎవరికి తెలుస్తుంది అన్నాను. ఆమె నా వైపు చూసింది. తెరిచి ఉన్న ముద్ర డబ్బా మూతను నా చెయ్యే వేసేసింది.

అధికారి నెమ్మదస్తుడు. వచ్చినవాడు నేరుగా బీరువా దగ్గరకు వెళ్లి, చేతిలోని జాబితాలో మొదట ఉన్న దుమ్ము పుస్తకం కోసం చూశాడు. ఆ చోటు ఖాళీగా ఉంది. పక్కనున్న నీలగిరి పుస్తకం తీసి చివరి అట్ట చూశాడు. చీటీ తెల్లగా ఉంది. తర్వాత పుస్తకాన్ని పక్కకు తిప్పి కాగితాల అంచులు చూశాడు. సగం దాకా నల్లగా మాసి ఉన్నాయి. ముద్రలు లేకుండా మురికి ఎలా వచ్చిందని నన్ను అడిగాడు. అన్నీ నేనే చదువుతాను సార్ అన్నాను. ఏది బాగుందన్నాడు. అన్నీ బాగున్నాయన్నాను. నిజానికి అప్పటికి నేను చదివినవి వాటి ధరలు మాత్రమే.

చెంగమ్మ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. అధికారి ఏమీ తేల్చకుండా నీళ్లు తాగి, గోవిందరాజులుకు ఎదురుగా కూర్చుని, పేపరు అయిపోతే ఇవ్వమన్నాడు. ఇంకా కాలేదన్నాడు గోవిందరాజులు. అధికారి చేతులు కట్టుకుని ఎదురుచూశాడు. కాసేపటికి కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. పేపరు మాత్రం తిరగలేదు. మళ్లీ చప్పుడు. మళ్లీ పేపరు అదే ఆటల పేజీ.

ఈ చప్పుడు సంగతి నేను నెలల ముందే కనిపెట్టానని చాలామందికి చెప్పాను. కనిపెట్టలేదు. ముసలివాళ్లు నిదానంగా చదువుతారనుకున్నాను, అంతే. నేను టీకి వెళ్లే వేళ ఊరందరికీ తెలుసు, ఆ వేళకే బీరువా తలుపు కిర్రుమంటుందని నాకొక్కడికే తెలియదు.

అధికారి లేచి, ఎంతో మర్యాదగా, పేపరు పై అంచును వేలితో కిందికి వంచాడు. లోపల దుమ్ము పుస్తకం ఉంది. గోవిందరాజులు దాన్ని దాచబోయి, మానుకుని, బల్లమీద పెట్టేశాడు.

"ఆయమ్మ చెప్పిందని కాదు సార్," అన్నాడు. "మా అన్న దగ్గి దగ్గి పాయె. టీబీ అని చెప్పి మాత్రలిచ్చినారు. అది టీబీ కాదని ఈడ రాసుండారు."

పక్క బల్లల మీద ఇంకో రెండు పేపర్లు మెల్లగా కిందికి దిగాయి. వాటి లోపలా పుస్తకాలే.

చెంగమ్మ ముందుకొచ్చింది. ఆమె ఎగతాళి చేస్తుందని అందరం అనుకున్నాం. "ఇంటికి తీసుకుపోయి చదవచ్చు కదన్నా, కళ్లకు వెలుతురు చాల్తుందా ఈడ?" అని మాత్రం అడిగింది.

"తీసుకుపోతే? పొద్దునకల్లా గోవిందరాజులు చెంగమ్మ పార్టీలో చేరినాడని టీ అంగడంతా చెప్పుకుంటారు."

బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. గని ఊళ్లో పెరిగినవారికి తెలుసు. అక్కడ ఏ యూనియన్ క్యాలెండరు గోడకు తగిలిస్తే ఆ ఇల్లు ఆ యూనియన్‌ది. ఒక నాయకుడి చేతి నుంచి ఏం పుచ్చుకున్నా వాడి వైపు చేరినట్టే. నేను బీరువా మీద ఆమె పేరు రాయించి, లోపల ఉన్న ప్రతి పుస్తకాన్నీ ఒక క్యాలెండరు చేసి పెట్టాను.

అధికారి తన నియమం తాను చెప్పాడు. హాలులో చదివింది లెక్కలోకి రాదు, తను మళ్లీ వచ్చేలోగా ముద్రలు పడితే పుస్తకాలు ఉంటాయి, లేకపోతే పోతాయి. ఆ మాట చెప్పి జీపెక్కాడు.

బోర్డు నేనే పీకేశాను అని రాసి, ఇప్పుడే కొట్టేశాను. పీకింది చెంగమ్మ. నేను స్టూలు పట్టుకున్నాను. తన పేరున్న బోర్డును చంకలో పెట్టుకుని, పుస్తకాలను యాడివి ఆడ పెట్టేయమంది. దుమ్ము పుస్తకాన్ని వైద్యం అరలోకి, నీలగిరిని వ్యవసాయంలోకి, చట్టాన్ని చట్టాల్లోకి సర్దాను. మా పద్ధతి ప్రకారం అవి మొదటినుంచీ ఉండవలసింది అక్కడే. ఆమె గేటు దాటేదాకా ఆగి గోవిందరాజులు వైద్యం అర దగ్గరకు వెళ్లాడు. ముద్ర కొట్టాను. పేపరు చుట్టుకునే తీసుకుపోయాడు.

ఆ ముద్ర తర్వాత ఇంకొకటి పడింది, ఆ పైన మరికొన్ని. అధికారి మళ్లీ వచ్చినప్పుడు చీటీలు చూసి తల ఊపి వెళ్లిపోయాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు చెంగమ్మ హాలులో పేపరు చదువుతోంది. గోవిందరాజులు ఆమె ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

"చెంగమ్మా, ఊరికే ఉపన్యాసాలు చెప్తా ఉంటావు. గని దుమ్ము గురించి మంచి పుస్తకం ఒకటుండాది. చదివినావా? మా వాళ్లందరి చేతా చదివిస్తా ఉండాను."

నేను ముద్ర డబ్బా వైపు చూస్తూ ఉండిపోయాను. ఆమె మొహంలో ఒక్క గీత కదలలేదు.

"అవునా అన్నా? యాడుండాది, చూపించు."

ఆయన చెయ్యి చాచి వైద్యం అర చూపించాడు. ఆమె వెళ్లి పుస్తకం తీసుకుని నా బల్ల దగ్గరకొచ్చింది. చీటీ మీద ఆమె తేదీ కొట్టడానికి చోటు వెతకవలసి వచ్చింది.

ఆ తర్వాత విరమణ దాకా, ఏం చదవమంటారని ఎవరడిగినా పుస్తకం ఏ అరలో ఉందో చెప్పాను. ఎవరు చదవమన్నారో చెప్పలేదు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న పని అదొక్కటే అంటే అతిశయోక్తి అవుతుంది. ముద్ర వంకర లేకుండా కొట్టడం కూడా నేర్చుకున్నాను.