పరుపుల ఓనరు నోట అమ్మమ్మ మాట

గుండీ ఆఫీసు తాతయ్య గదిలో, తాతయ్య కుట్టు మిషను మీద. మిషను తల లోపలికి మడిచి పైన చెక్క మూసేస్తే లాప్‌టాప్‌కి అతికినట్టు సరిపోతుంది. ఇంట్లో ఉన్నవే రెండు గదులు, అందులో నెట్ బాగా వచ్చేది ఈ గదికే. పదింటికి మీటింగు మొదలవగానే గుండీ కాళ్లు వాటంతటవే కింద పెడలు తొక్కేస్తుంటాయి. "ఎవరి దగ్గర్నుంచో టకటకమని చప్పుడొస్తోంది, కాస్త చూసుకోండి" అని మేడం అన్నప్పుడల్లా అందరికంటే ముందు గుండీయే అటూ ఇటూ చూస్తుంది, ఆ చప్పుడెవరిదో తనకీ తెలియనట్టు.

అసలు పేరు కాలేజీ సర్టిఫికెట్లలో ఉంది. మూడేళ్లప్పుడు తాతయ్య టైలరు షాపులో ఒక కోటు గుండీ మింగేసి, రెండు రోజులు ఇంటిల్లిపాదినీ ఒంటికాలి మీద నిలబెట్టింది. అప్పట్నుంచీ గుండీయే.

"ఆ కోటుకి నాలుగో గుండీ ఇప్పటికీ వేరే రంగే" అంటాడు తాతయ్య, ఎవరు కొత్తవాళ్లు ఇంటికొచ్చినా.

డిగ్రీ అయిపోయాక గుండీకి దొరికింది ఆరు వారాల ఇంటర్న్‌షిప్, ఒక పీఆర్ ఏజెన్సీలో. కంపెనీల కబుర్లు పేపర్లలో పడేలా చూడటం ఆ ఏజెన్సీ పని. అది ఉండే ఊరికి రైల్లో ఒక పగలంతా పడుతుంది కాబట్టి గుండీ దాన్ని ఎన్నడూ చూడలేదు. మేడం వెనకాల కనిపించే గాజు తలుపు, దాని పక్కనున్న నీలం కుర్చీ, అంతవరకే తెలుసు. ఆ కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఐదుగురు ఇంటర్నుల్లో చివరికి ఒక్కరిని ఉద్యోగంలోకి తీసుకుంటారు. ఆ కుర్చీ ఎత్తు తనకి సరిపోతుందా, కిటికీ లోంచి ఏం కనిపిస్తుంది, ఇలాంటివన్నీ గుండీ ఎప్పుడో ఆలోచించేసింది.

పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేసే అమ్మకి మాత్రం ఈ ఉద్యోగమేంటో బుర్రకెక్కలేదు. "పొద్దస్తమానం మిషను దగ్గరే కూర్చుంటావు. ఒక్క దిండు గలీబైనా కుట్టావా?" అంటుంది చెప్పులు విప్పుతూనే.

నాలుగో వారంలో గుండీకి పరుపుల కంపెనీ పని పడింది. కొత్త పరుపొకటి వస్తోంది, దాని గురించి పేపర్లకి నోటు రాయాలి. అప్పుడే గుండీకి ఈ పనిలోని గుట్టొకటి తెలిసింది. 'అని కంపెనీ ఓనరు అన్నారు' అని పేపర్లో వస్తుంది చూశారా, ఆయన అనడు. ఏజెన్సీలో కూర్చున్న ఎవరో అంటారు. ఆయన చదువుకుని సరే అంటాడు.

ఓనరు అన్నట్టుగా గుండీ ఆరు మాటలు రాసి పంపింది. ఆరూ తిరిగొచ్చాయి.

"'హాయైన నిద్రే మా లక్ష్యం' అని ఏ పరుపులాయనైనా అంటాడమ్మా. చదివితే ఓ మనిషి నోరు తెరిచి అన్నట్టుండాలి" అంది మేడం.

గుండీ మిషను ముందు బుర్ర పట్టుక్కూర్చుంది. వెనకాల మంచం కిర్రుమంది. మధ్యాహ్నం భోజనమయ్యాక తాతయ్య కాసేపు నడుం వాలుస్తాడు. అది ఇద్దరు పట్టే మంచం. తాతయ్య గోడకి ఆనుకుని, ఓ పక్కకి ఒదిగి, కునుకు కోసం అటూ ఇటూ దొర్లుతుంటాడు. రెండో సగం దుప్పటి మీద ముడతైనా ఉండదు. అమ్మమ్మ పోయి ఏడాదిన్నర. ఆవిడ ఉన్న రోజుల్లో తాతయ్య ఇలా దొర్లుతుంటే తను ఇవతలికి జరిగి, దుప్పటి సర్ది, విసుగు లేకుండా ఒకే మాట అనేది. గుండీ చిన్నప్పుడు నిద్ర పోకుండా మారాం చేసినా అదే మాట.

గుండీ వేళ్లు ఆ మాటని టైపు చేసేశాయి.

'నిద్ర పిలిస్తే రాదు, చోటిస్తే వస్తుంది.'

నాలుగు నిమిషాల్లో మేడం నుంచి జవాబు: "ఇదీ కావాల్సింది." ఆ సాయంత్రానికి ఓనరు కూడా సరే అన్నాడు. గుండీ గాల్లో తేలింది. ఆ రోజు దిండు గలీబు మాటెత్తిన అమ్మని కూడా ముద్దు పెట్టుకుంది.

గురువారం పొద్దున తాతయ్య ఎప్పటిలాగే టీ గ్లాసు కిటికీలో పెట్టుకుని పేపరు చివరి పేజీ నుంచి వెనక్కి చదువుకుంటూ వస్తున్నాడు. ఐదో పేజీ దగ్గర ఆగిపోయాడు. కళ్లజోడు తీసి చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఈయనెవరే?"

గుండీ వంగి చూసింది. బాగా మెలేసిన మీసాలతో పరుపుల ఓనరు నవ్వుతున్నాడు.

"పరుపుల కంపెనీ ఆయన తాతయ్యా. అది నేను రాసిందే."

"మరి మీ అమ్మమ్మ ఈయనకెప్పుడు చెప్పింది?"

వారం రోజులుగా ఇదెలా చెబుదామా, చెప్పి ఎలా మురిపిద్దామా అని ఎదురుచూస్తున్న గుండీ కిందే చతికిలబడింది. ఉన్నదంతా చెప్పింది. మాటలు ఏజెన్సీ వాళ్లు రాస్తారనీ, పేరు కంపెనీ వాళ్లదనీ, ఎక్కడైనా ఇంతేననీ.

"అది నాకర్థమవుతుంది" అన్నాడు తాతయ్య. "నలభై ఏళ్లు కుట్టాను. చొక్కా నేను కుట్టినా తొడుక్కున్నవాడిదే. ఎవరి వీపు మీదా నా పేరు రాసుకోలేదు." పేపరు మడిచాడు. "కానీ ఒకరికి కుట్టిన చొక్కా ఇంకొకరికి ఇచ్చేశావే గుండీ. షాపులో అంతకంటే పెద్ద తప్పు లేదు."

కోప్పడి ఉంటే బాగుండేది. మామూలుగా చెప్పాడు, కొలత చెప్పినట్టు.

మర్నాడు మీటింగ్‌లో అందరూ వెళ్లిపోయాక మేడం గుండీని ఉండమంది. మొహం వెలిగిపోతోంది.

"ఓనరు గారు పిచ్చెక్కిపోయారు నీ మాటకి. ప్రతి పరుపు మీదా కుట్టిస్తారట. ఊరూరా బోర్డులు పెట్టిస్తారట. ఆ వాక్యం కంపెనీ పేరు మీద రిజిస్టరు చేయిస్తున్నారు. వాళ్ల లాయరుకి నీ నుంచి ఒక్క లైను మెయిలు కావాలి."

"ఏం రాయాలి మేడం?"

"ఇది నా సొంత మాట, ఎవరి దగ్గరా తీసుకోలేదు అని. అంతే. సాయంత్రంలోగా పంపు. నీ ఉద్యోగం సంగతి నేను పైవాళ్లతో మాట్లాడేస్తాను."

మేడం వెనకాల నీలం కుర్చీ ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. గుండీ కాళ్లు పెడలు మీద ఆగిపోయాయి.

హెడ్‌ఫోన్ ఒక చెవి పోయి గుండీ స్పీకరులోనే మాట్లాడుతోంది కాబట్టి, మంచం మీద కూర్చున్న తాతయ్య అంతా విన్నాడు.

"పంపించెయ్యి" అన్నాడు. "మాటేమన్నా గుడ్డా, అరిగిపోడానికి?"

"నీకు బాధ లేదా?"

"మీ అమ్మమ్మైతే ఎగిరి గంతేసేది. పిల్లకి ఉద్యోగమొస్తుందంటే మాటేంటి, మంచమే ఇచ్చేది."

గుండీ మెయిలు తెరిచింది. 'ఇది నా సొంత' అని కొట్టి ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"నిజం చెప్పు తాతయ్యా."

తాతయ్య దుప్పటి అంచు వేలితో నులిమాడు.

"ఏం లేదే. మధ్యాహ్నం పడుకుని ఆ మాట లోపల అనుకుంటాను. అనుకుంటే ఆవిడ గొంతు వినపడుతుంది. గాజులు సవరించుకున్న చప్పుడు కూడా. ఏడాదిన్నరగా నాకున్నది అదొక్కటే." దుప్పటి అంచు వదిలేశాడు. "నిన్న అనుకుంటే మీసాలాయన వచ్చాడు. రాత్రి అనుకున్నా ఆయనే. ఈయనెందుకొస్తున్నాడే నా మంచం మీదకి?"

గుండీకి నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతు దాకా వచ్చి ఏడుపైపోయింది. అమ్మమ్మ గొంతు తనకెలా వినపడుతుందో గుర్తు చేసుకోబోయింది. గాజుల చప్పుడు తను ఎప్పుడో మర్చిపోయింది. తాతయ్య చెప్పేదాకా మర్చిపోయానని కూడా తెలియదు.

ఊరూరా బోర్డు. బస్సెక్కితే బోర్డు. పక్కింటివాళ్లు పరుపు కొంటే దాని మూల మీద కుట్టిన మాట. ఇక తాతయ్య ఎటు తిరిగి కళ్లు మూసుకోవాలి?

రాసింది చెరిపేసి మళ్లీ రాసింది.

'ఈ మాట నాది కాదు మేడం. మా అమ్మమ్మది. మా తాతయ్య కోసం అనేది. ముందే చెప్పాల్సింది, తప్పు నాదే. రిజిస్టరు చేయించొద్దని చెప్పండి.'

పంపేసి, వెనక్కి తీసుకునే ధైర్యం తనకి రాకుండా లాప్‌టాప్ మూత మూసేసింది.

గంట తర్వాత ఫోను. మేడం అరవలేదు.

"నేను వాళ్లకి ఏమని చెప్పుకోవాలి? పేపర్లో వచ్చేసింది కదా."

"నాకు తెలీదు మేడం."

"ఇప్పుడు లాయరు ముట్టుకోడు. వేరే మాట రాయించాలి. అది ఇంకొకరికిస్తాను. ఉద్యోగం సంగతి ఇక నేను మాట్లాడలేను. అర్థం చేసుకో."

"అర్థమైంది మేడం."

"నీ ఆరు వారాలు పూర్తి చెయ్యి. సర్టిఫికెట్ మంచిగానే రాస్తాను." ఫోను పెట్టేస్తుందనుకున్న మనిషి పెట్టలేదు. "ఇంతకీ ఆ మాట పనిచేస్తుందా? నాక్కూడా సరిగ్గా నిద్ర పట్టదు."

గుండీ మంచం వైపు చూసింది. "అడిగి చెప్తాను మేడం."

ఆరో వారం చివర్లో నీలం కుర్చీలో ఎవరో కూర్చున్నారు. ఐదుగురు ఇంటర్నుల్లోని ఇంకో అమ్మాయి. పరుపులకి కొత్త మాట రాసింది తనే. కుర్చీ కాస్త ఎత్తెక్కువైనట్టుంది, కాళ్లు వేలాడుతున్నాయి. గుండీ చెయ్యి ఊపింది. ఆ అమ్మాయీ ఊపింది. తర్వాత తెరలోంచి అన్నీ మాయమై గుండీ మొహమే కనిపించింది, వెనకాల తాతయ్య మంచంతో సహా.

గుండీ లాప్‌టాప్ తీసి పక్కన పెట్టి, చెక్క ఎత్తి మిషను తల పైకి లేపింది. తుడవడానికి గుడ్డ కోసం సొరుగు తెరిస్తే అందులో ఒక పేపరు ముక్క. అంచులు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. మీసాలూ లేవు, కంపెనీ పేరూ లేదు. ఒక్క వాక్యమే కత్తిరించి ఉంది. పక్కనే బట్ట కత్తెర. ఆ కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుందని చిన్నప్పుడు గుండీ చేతి మీద రెండు దెబ్బలేసిన మనిషి తాతయ్య. షాపు మూసేసిన రోజున కూడా దాన్ని గుడ్డలో చుట్టి, గుండెలకి పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

గుండీ సొరుగు మెల్లిగా మూసేసింది.

మధ్యాహ్నం ఎండ గది మధ్యదాకా వచ్చింది. తాతయ్య గోడవైపు ఒదిగి పడుకున్నాడు, ఇవతలి సగం ఎప్పటిలాగే వదిలేసి. పెదాలు కదిలాయి. గుండీ మంచం దగ్గరికి వెళ్లి వంగి చూసింది.

"మీసాలాయన వచ్చాడా తాతయ్యా?"

"వచ్చాడే" అన్నాడు కళ్లు తెరవకుండానే. "ఇటు పక్కన కూర్చోబోయాడు. మీ అమ్మమ్మ లేపి పంపించేసింది."