హిత్తీయుల కోటకు అట్టపెట్టెలు

హిత్తీయుల కోటగోడల సంగతి నాకు మొట్టమొదట మోసుకొచ్చింది మా ఆడపడుచు. టర్కీ యాత్ర ముగించుకుని వచ్చిన మర్నాడే దేశం దాటి మేం కాపురముంటున్న కాపెల్‌లో మా ఇంటికి వచ్చి, ఇంకా నిద్ర తీరని కళ్లతో ఫోన్‌లో ఫొటోలు చూపించింది.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్న ఇంట్లోనే బైబిలు వాక్యం చదివించి అక్షరాలు నేర్పాడు. ఆ పుణ్యాన హిత్తీయులు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అమోరీయుల పక్కన, ఒక్క ఊపిరిలో చదివేసే పేర్ల వరసలో ఉంటారు. వాళ్లకింత రాజధాని ఉండేదని, సున్నం చుక్క లేకుండా ఇంతింత రాళ్లు అతికించినట్టు పేర్చేవాళ్లని మాత్రం తెలియదు. ఒక ద్వారానికి రెండు పక్కలా నోళ్లు తెరిచిన రాతి సింహాలు. మరోచోట కొండంత మట్టికట్ట, దాని వాలంతా రాతిపరుపు, అడుగున మనిషి నిటారుగా నడిచిపోగల సొరంగం.

"ఇది చూడు వదినా, మెట్లు. గోడకి బయటి వైపు."

"బయట మెట్లు కడితే శత్రువు ఎక్కి రాడా?"

"నేనూ అదే అడిగా. ఎవరికీ సరిగ్గా తెలీదంట. ఆపడానికి కాదేమో, దూరం నుంచి చూసి హడలిపోవడానికేమో అన్నాడు గైడ్."

సాయంత్రానికల్లా ఆ ఫొటోలు మా తెలుగు క్రైస్తవ సంఘం వాట్సాప్ గ్రూపుకెక్కాయి. మా కమిటీ పెద్ద బ్రదర్ గారు ఆర్కిటెక్ట్. ఇళ్లు కట్టే రకం కాదు, సాఫ్ట్‌వేర్ రకం. దేవుని కృప వల్ల మా సంఘంలో అలాంటి ఆర్కిటెక్ట్‌లు ప్రతి వరసలోనూ ఉన్నారు. ఇటుక మీద ఇటుక పెట్టినవాడే ఒక్కడూ లేడు. పిల్లల వేసవి బడికి ఈసారి హిత్తీయుల కోట కట్టాలని ఆయన తీర్మానించారు. అట్టపెట్టెలకు కొదవేముంది? ఏ ప్రాజెక్ట్ ఎప్పుడు పోతుందో, ఏ రాష్ట్రానికి సామాను సర్దాలో తెలియని జనం మేము. ఇల్లు మారినప్పటి పెట్టెలు ప్రతి గరాజ్‌లోనూ మడతపెట్టి ఉంటాయి.

కట్టడానికి ముందు డిజైన్ రివ్యూ జరిగింది.

"టన్నెల్ ఎందుకు బ్రదర్? అది సెక్యూరిటీ హోల్ కదా" అన్నాడు ఒక కుర్ర ఇంజినీరు.

"ఫేజ్ టూలో క్లోజ్ చేద్దాం" అన్నారు బ్రదర్ గారు.

"హిత్తీయులు క్లోజ్ చేయలేదుగా" అంది మా ఆడపడుచు.

"అందుకే పోయారమ్మా వాళ్లు."

పిల్లలు పట్టుబట్టడంతో టన్నెల్ నిలిచింది, పాకి వెళ్లేంత ఎత్తున.

నా దిగులు కోట గురించి కాదు, ఒక చెల్లి గురించి. ఒకప్పుడు మా సంఘంలో పాటలు పాడేది. ఇంట్లో ఏదో జరిగి, ఇప్పుడు ఆమె, కూతురు విడిగా ఉంటున్నారు. మాలో ఒకరి గుట్టు ఒకరు బయటపెట్టరు. ప్రార్థన అంశంగా పంచుకుంటారు, అంతే. "ఫలానా చెల్లి కోసం భారంగా ప్రార్థించండి, ఎందుకంటే" అని మొదలవుతుంది. అసలు ప్రార్థన కంటే ఆ "ఎందుకంటే" చాలా పొడుగు. ఆమె మీది అంశం ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్న పిస్కాటవే దాకా వెళ్లి, కొత్త వివరాలు కలుపుకుని తిరిగొచ్చింది. అప్పుడామె రావడం మానేసింది. నేను ఫోన్ చేసి బతిమాలగా బతిమాలగా, పాప కోసం ఒక్కసారి వస్తానంది.

"ఎవరూ ఏమీ అడక్కూడదక్కా. అడిగితే ఇంక రాను."

బ్రదర్ గారి భార్యకు ముందే చెప్పాను. "అయ్యో, నేనెందుకు అడుగుతాను సిస్టర్" అందావిడ. నాకు ప్రాణం లేచొచ్చింది. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

వేసవి బడి నాటి శనివారం హాలు తలుపు తీయగానే ఎదురుగా గోడ. అట్ట సింహాల్లో ఒకటి పిల్లిలా, ఇంకొకటి కాస్త బ్రదర్ గారిలా వచ్చాయి. వాటి మధ్య ఇద్దరు సిస్టర్లు, వచ్చినవాళ్ల చొక్కాలకు పేర్ల స్టిక్కర్లు అంటిస్తూ, పలకరిస్తూ. చెల్లి వాళ్లను తలుపు దగ్గరే చూసి ఆగిపోయింది.

"మమ్మీ, టన్నెల్లో వెళ్దామా? ప్లీజ్" అంది పాప.

ఆమె చున్నీ నడుముకు బిగించి, పాప వెనకే పాకుతూ నా కుర్చీ పక్కన తేలింది. జుట్టుకు టేపు ముక్క అంటుకుని ఉంది.

"వచ్చేశానక్కా. వీసా కూడా అడగలేదు ఎవరూ" అంది. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం.

ఇంతలో పిల్లలు ఎవరూ చెప్పకుండానే కోట చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. నిరుడు, బైబిల్లో జనం చుట్టూ తిరిగి అరిస్తే గోడలు కూలిన యెరికో కట్టాం. గోడ కనబడితే చుట్టూ తిరిగి అరవాలని వాళ్లకు అలవాటైపోయింది. గొంతులు చించుకున్నారు. గోడ కదలలేదు. అంత టేపు చుట్టారు మా ఆర్కిటెక్ట్‌లు.

"అంకుల్, ఇది పడట్లేదు. బ్రోకెన్."

"ఇది వేరే కోట నాన్నా. పడదు" అన్నారు బ్రదర్ గారు, ఎంతో తృప్తిగా.

చివర్లో ఆయన భార్య మైకు అందుకుంది. "కళ్లు మూసుకుందాం. చాలాకాలానికి మన మధ్యకు వచ్చిన ఒక చెల్లి కోసం భారంగా ప్రార్థిద్దాం. పేరు చెప్పను. ఎందుకంటే, ఆమె భర్త విషయంలో…"

ఆవిడ నాకిచ్చిన మాట తప్పలేదు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మూసిన కళ్లతోనే తలలన్నీ మా వైపు తిరిగాయి. చెల్లి లేచి, పాప చెయ్యి పట్టుకుని, ఈసారి రెండు సింహాల మధ్యనుంచే నడిచి వెళ్లిపోయింది. నేను వెనకే పరుగెత్తాను.

"నిన్నేమీ అనుకోనక్కా" అంది, కారు తలుపు వేసుకుంటూ.

తరవాత నా ఫోన్ ఎత్తలేదు. కోట ఫొటోలకు గ్రూపులో చప్పట్ల బొమ్మలు కుప్పలుగా పడ్డాయి. ఆ కుప్పలో నాది లేదు.

ఇది చదివే మీరు ఈ పూట ప్రార్థనలో ఆ చెల్లిని జ్ఞాపకం చేసుకోండి. పేరు దేవుడికి తెలుసు. ఏమైందని మాత్రం నన్నడగకండి. ఎవరితోనూ చెప్పకండి. ఊరికే జ్ఞాపకం చేసుకోండి.