మసలబెట్టిన పెరుగు

ఆ రోజుల్లో గూడూరు దిక్కు మా గూడెంల కొత్త కోడలి విలువ ఆమె వెంట వచ్చిన పందిని బట్టి ఉండేది. (ఇప్పటి కోడండ్లు సెల్‌ఫోన్లు తెచ్చుకుంటరు. అవి ఈనవు.) మా బాపు నాకిచ్చిన నల్లపంది అత్తగారింట్ల తొలి ఈతకే కుప్పగ పిల్లలను పెట్టింది. గంజి చుక్క గూడ పారబొయ్యని మనిషిని, వాటిని చూసుకుని ఎంత మురిసిన్నో. తల్లిపాలు మాన్పించి తవుడు గంజి అలవాటు చేసినమో లేదో, పిల్లలకు పారుడు పట్టింది. తోకల కింద తడి, గుంటలు పడ్డ కండ్లు. మా అత్త గడప మీద కూసొని ఒక్కటే మాట అన్నది: "పిల్లలు బతికితే పంది ఉంటది. సచ్చినయా, సంతకు తోలుడే. ఉత్తగ మేత నేనెయ్య."

పసుల దవాఖానకు ఉరికిన. కాంపౌండరు అన్న నిమ్మలంగ చెప్పిండు. "పాలు మానంగనే పిల్లల కడుపు చెడిపోతది చెల్లె. పుల్లటి పెరుగు గంజిల కలిపి పట్టు. పెరుగుల కంటికి కనవడని క్రిములుంటయి, అవే కడుపును నిలబెడ్తయి." తల ఊపి వచ్చిన గని, దారి పొడుగునా మనసుల ఒకటే గుబులు. నేను మూడో తరగతి దాంక చదివిన. అంత చదువుల నాకు పక్కాగ వచ్చింది ఒక్కటే: క్రిములు రోగం తెస్తయి, మసలబెడితే సస్తయి. సారు బెత్తంతోని కొట్టి నేర్పిండు మరి. కాంపౌండరు చెప్పుడు మరిచిపోయినట్టుండు, మనమే జాగ్రత్త పడాలె అనుకున్న.

ఇంటింటికి తిరిగి అడుక్కొచ్చిన పెరుగును పొయ్యి మీద కుతకుత ఉడికించిన. విరిగి ముద్దలు ముద్దలయింది. పిల్లలు కాళ్ల సుట్టు మూలుగుతుంటే, "జర ఆగుర్రి, పురుగులు సావనియ్యుర్రి" అని వాటికి ధైర్యం చెప్పుడు.

"ఏందే, పెరుగును పొయ్యి మీద పెడ్తరా ఎవలన్న?" అన్నది అత్త.

"నీకు తెల్వదత్తా, గిది చదువుకున్నోళ్ల పద్ధతి."

ఆమె ఏలిముద్ర మనిషి, నోరు మూసుకున్నది. (నా కాపురంల ఆమె నోరు మూసుకున్నది గదొక్కసారే.)

పొద్దుకొక పిల్లను బొందపెట్టుకుంట వచ్చినం. ఆఖరికి కాంపౌండరు గూడెం దిక్కు వస్తే ఆపి నిలదీసిన. "ఏం మందు చెప్పినవన్నా? మంచిగ మసలబెట్టి పట్టినా ఆగుతలేవు!" ఆయన చేతిల సైకిలు కింద పడ్డది. "మసలబెట్టినవా? అయ్యో చెల్లె, బతికిచ్చేటియే అవి గదా! వాటినే సంపినవా?"

అప్పటికి ఒక్క ఆడపిల్ల మిగిలింది. దానికి కాగబెట్టని పెరుగు పట్టిన, లేచి నిలబడ్డది. గని ఒక్కదానితోని అత్త మనసు మారలే. పందిని సంతకు తోలేనాడు, "దాని ఎంబడి నీ చదువును గూడ అమ్ముకొని రా పో" అన్నది. పోయేటప్పుడు పంది నా దిక్కు ఎనుకకు తిరిగి చూసిందో లేదో తెల్వదు. నేనైతే చూడలే.

ఇప్పుడు గా మంచి క్రిములను పొడి చేసి పొట్లాలల్ల అమ్ముతున్నరు. పాలు మాన్పించంగనే పందిపిల్లలకు పట్టిస్తం. "నానమ్మా, గోరువెచ్చని నీళ్లల్ల కలపాలెనని రాసున్నది" అంటది మనుమరాలు. రాయనియ్యి, నేను సల్లటి నీళ్లల్లనే కలుపుత. అప్పుడప్పుడు ఆ కాలపు కొత్త కోడలిగ నాకు నేనే యాదికొస్త. గట్టిగ తిట్టాలె అనుకుంట గని నోరు రాదు. పొగకు కండ్లు నలుపుకుంట, పెరుగు కింది పొయ్యిల గొట్టం ఊదుతనే ఉంటది ఆ పిల్ల, ఎంత నమ్మకంగనో.