చూడని సినిమా మీద పదేళ్ల వాదన

అన్న పోయిన పదకొండో రోజు, దినాలనాడు, ఆయనకు ఇష్టమైనవన్నీ వదిన ఫోటో ముందు పెట్టింది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, వక్కాకు, బీడీల కట్ట. వాటి పక్కన ఒక సినిమా డిస్క్.

దాన్ని చూడగానే గుర్తుపట్టాను. నేను మెచ్చే కథకుడూ, ఈ సినిమా తీసిన దర్శకుడూ ఒకే తీరున పని చేస్తారని అన్న పదేళ్లపాటు వాదించాడు. మా కథకుడు ఒక్క మాట ఎక్కువ రాయడనీ, సినిమావాళ్లకు ఆ నిగ్రహం ఎక్కడిదనీ నేను కొట్టిపారేసేవాణ్ణి. నిజానికి ఆ సినిమా నేను చూడనే లేదు. అనంతపురంలో ఆడుతున్నప్పుడు అన్న టికెట్ తీసిచ్చి పంపితే, పుస్తకాల అంగడిలో గడిపి వచ్చి, చూశానని చెప్పాను. ఆయన మాత్రం నేనిచ్చిన కథల పుస్తకం రెండుసార్లు చదివాడు.

బంధువులు వెళ్లిపోయాక వదినతో ఈ మాట చెప్పేశాను.

"చూడకనే పదేండ్లు కొట్లాడినావా? ఎంత మొండోనివప్పా!" ఏడ్చిన ముఖంతోనే నవ్వింది. "ఇప్పుడే చూడు. నా ముందర కూచోని చూడు."

మధ్యాహ్నం ఎండ పడకుండా కిటికీకి దుప్పటి కట్టి సినిమా పెట్టాం. మొదటి పావుగంట నాకేమీ అనిపించలేదు. తర్వాత ఒక రైతు, ఎండిన బోరులోంచి మోటారు తీయిస్తాడు. కెమెరా అతని ముఖం దగ్గరికి పోదు. పైపులు ఒక్కొక్కటే పైకొస్తాయి. కూలీలు విప్పి నేల మీద పరుస్తారు. అంతే.

నేను లేచి నిలబడ్డాను. మా కథకుడూ ఇంతే! ఆయన కథలో ఎడ్లు అమ్మేసిన రైతు ఇంటికొచ్చి, గాడిలో మిగిలిన మేత తీసి పక్కింటి ఆవుకు వేస్తాడు. బాధ అన్న మాటే ఉండదు.

"అన్న చెప్పిందే నిజం వదినా! ఇద్దురూ మొగం చూపించరు, చేసే పని చూపిస్తారు!"

"అరవాకప్పా. ఇంగా సినిమా ఉండాది."

నేను ఆగలేకపోయాను. అన్నకిచ్చిన ఆ కథల పుస్తకం తెచ్చి ఆ పేజీ పైకి చదివాను. సినిమా వెనక్కి జరిపి ఆ దృశ్యం మళ్లీ పెట్టాను. అప్పుడొక తేడా దొరికింది. కథకుడు మేత సంగతి ఒక్క వాక్యంలో ముగించి ముందుకు పోతాడు. దర్శకుడు అయిదు నిమిషాలు మనల్ని ఆ బోరు దగ్గరే నిలబెడతాడు. ఈ మాట అన్నతో అంటే ఒప్పుకునేవాడు కాదు. ఎలా కాదనేవాడో వినాలనిపించింది.

వదినే అందుకుంది. "నువ్వు గబగబా చదివితే ఒగ వాక్యమే. మీ అన్న నాకు చదివి వినిపించినప్పుడు, ఆ మేత కాడ నిలిపి బీడీ ముట్టిచ్చుకున్నాడు. అది అయిపోయేదాకా నోరు తెరవలేదు."

"అంత సేపు ఆగమని కథలో యాడుంది వదినా?"

"ఆగొద్దని యాడుంది?"

పుస్తకం ఆమె చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. మేత దగ్గరికి వచ్చి ఆగింది. కాదనడానికి నోరు తెరిచినవాణ్ణి, ఆమె మళ్లీ చదవడం అందుకునేదాకా ఊరుకున్నాను.