గేటు కాడ ఆడిన ఆట

మొన్న పొద్దుగాల బస్సు కండక్టరు మా ఇంటి ముంగట బస్సాపి, దిగకుండనే చెప్పిండు, మా డ్రిల్లు సారు పోయిండని. చేతిలున్న చాట పక్కకు పెట్టి గడపలనే కూలవడ్డ. మీకు ఆయన తెల్వదు. మా జైనూరు బడి పిల్లలకు ఆట నేర్పి జిల్లా దాంక తీస్కపోయిన మనిషి. ఆయనను తల్సుకుంటే నాకు ముందుగాల భయమే యాదికొస్తది. ఆయనంటె భయం కాదు, ఆయనతోని కలిసి పడ్డ భయం.

అప్పట్ల బడి పిల్లలకు డప్పు దెబ్బకు అడుగేసే జానపద ఆటల పోటీలుంటుండె. మండలంల గెలిస్తే డివిజన్‌కు, ఆడ గెలిస్తే జిల్లాకు. జిల్లాల మొదటొచ్చిన ఒక్క టీమే రాష్ట్రం పోటీలకు పట్నం పోవాలె. పేరు పిలిచినప్పుడు లేకుంటే లిస్టులకెల్లి కొట్టేస్తరు. బట్టలు అందరియి ఒక్కతీరుగ ఉండాలె. ఒక్క పోరి కాలు తప్పినా మార్కులు పాయె. సారు తిట్టేటోడు కాదు. మేము తప్పితే నోట్లె తంబాకు నములుడు ఆపేటోడు, గంతే, మా పాణాలు పోతుండె. "భయముంటే ఉండనీ, కాలుకు తెల్వనియ్యకు" అనేటోడు.

మండలం గెల్సినం, డివిజన్ గెల్సినం. జిల్లాకు పోయేముందు సారుకు ఓ ఆలోచనొచ్చింది. జడ్జీలు దూరంగ కూసుంటరు, నడుము తిరుగుడు కండ్లవడాలె అని అందరికీ ఎర్ర దట్టీలు కట్టిచ్చిండు. కాళ్లకు గజ్జెలు, భుజాన గొంగడి, సారు చేతిల డప్పు, అందరి నడుముకు ఎర్రగుడ్డ! ఆ రోజులల్ల మా దిక్కు గట్ల తయారై ఊరూరు ఆడేది అన్నల మనుషులు, అంటే అడివిల తుపాకులు పట్టినోళ్ల మనుషులు. సారుకు తెల్వదా? తెల్సు. గెలుపు మీద పాణం పెట్టుకున్నోనికి ఏం యాదికుంటది!

ఉట్నూరు దాటినంక అడివిల పోలీసులు గేటేసి మా జీపు ఆపిండ్రు. మమ్ముల జూసి తుపాకులు సర్దుకున్నరు. దింపి వరుసగ నిలవెట్టిండ్రు. నా పక్కకున్న లచ్చుబాయి పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. పోలీసులు తీస్కపోయినోళ్లు అందరు తిరిగిరారని మా అవ్వ, బాపు గుసగుస పెట్టుకునే మాటలే నా చెవులల్ల తిరుగుతున్నయి. సారు బడి టీమని ఎంత చెప్పినా ఎస్సై నమ్మలే. బడి టీమైతే ఆడి చూపెట్టుమన్నడు.

సారు డప్పు ఎత్తుకున్నడు. పోయి మాకు, తుపాకులకు నడుమ నిలవడ్డడు. పోలీసోళ్ల దిక్కు వీపు, మా దిక్కు మొఖం.

"నన్నే జూడుండ్రి బిడ్డా. ఇయ్యాల జడ్జిని నేనే."

మొదటి దెబ్బకు అందరి కుడికాలు ఒక్కసారి లేచింది. కంకర గుచ్చుతుంటె, కండ్లల్ల నీళ్లు కారుతుంటె ఆడినం. ఒక్క కాలు తప్పలే. ఎస్సై చాలుమన్నడు. దట్టీలు గుంజుకొని ఇడిసిపెట్టిండ్రు.

ఆదిలాబాద్‌ల మా పేరు పిలుస్తుండంగ ఉరికినం. నడుముకు కట్టుకోను దట్టీల్లేవు. డప్పు కొట్టేటప్పుడు కట్టుకుందామని తెచ్చుకున్న తెల్లధోతిని సారు పర్రుమని చింపి మాకు కట్టిండు. తను ప్యాంటు మీదనే డప్పు కొడుతుంటె జనం నవ్విండ్రు. నవ్వితె నవ్విండ్రు, జిల్లాల మొదటొచ్చింది మేమే.

ఇగ పట్నమే అని మేము ఎగురుతుంటె సారు మమ్ముల దగ్గర కూసోవెట్టుకున్నడు. "పట్నం దాంక ఇంకెన్ని గేట్లున్నయో నాకు ఎర్క లేదు బిడ్డా. ఆట పోతె పోనీ. మీరు ఉండాలె గద" అన్నడు. ఆయన ఏడ్చుడు అప్పుడే జూసిన. మేము పట్నం పోలే. ఆ తర్వాత సారు బడిల డప్పు ముట్టలే.

సారు భయపడ్డడని కొందరు ఎక్కిరిచ్చిండ్రు. అవును, భయపడ్డడు. ఆ భయం పుణ్యమే, ఇయ్యాల మేమందరం పిల్లల తల్లులమై బతికున్నం. ఆయన రుణం ఏమిచ్చి తీర్చుకుందుం?

సావుకాడికి మా టీమోళ్లం అందరం పోయినం. కొంగులు నోట్లె కుక్కుకొని ఓ పక్కకు నిలవడ్డం. పాడె లేపంగ డప్పు మీద మొదటి దెబ్బ పడ్డది. ఎవలం ఎవల దిక్కు చూడలే. అందరి కుడికాలు ఒక్కసారి లేచింది. నన్నే జూడుండ్రి అనేటోడు లేడు. లేచిన కాలు కింద పెట్టాలంటె భయమైంది.